ఒక వైఫల్యానికి ఒకే సందేశం: సర్వర్ తనిఖీలను గ్రూపులుగా ఎలా అమర్చాలి

నెట్‌వర్క్ స్విచ్ ఒకటి ఆగిపోతే ఫోనుకు నలభై సందేశాలు వస్తున్నాయి, వాటిని ఒకటిగా ఎలా చేయాలి? నెలాఖరు రిపోర్టులో అన్ని సర్వర్లూ 99.9 శాతం పనిచేసినట్టు కనిపిస్తోంది, వినియోగదారులు మాత్రం సైటు తెరుచుకోలేదని అంటున్నారు, ఎందుకు? పాఠకులు పదే పదే అడిగే ఈ రెండు ప్రశ్నలకు మూలం ఒకటే. తనిఖీలు యంత్రాల లెక్కన విడివిడిగా ఉన్నాయి, వైఫల్యాలేమో సేవల లెక్కన వస్తున్నాయి. తనిఖీలను సేవల వారీగా గ్రూపు చేసి, అదే గ్రూపును అలర్టుకూ రిపోర్టుకూ వాడితే రెండు సమస్యలూ తీరతాయి.

ఇది చిన్న విషయం కాదు. అర్ధరాత్రి వచ్చే నలభై సందేశాల్లో అసలు కారణం చెప్పేది ఒక్కటే ఉంటుంది. కొన్ని వారాలు ఇలాగే సాగితే డ్యూటీలో ఉన్నవారు సందేశాలు తెరవడమే మానేస్తారు. ఆ తర్వాత నిజంగా డేటాబేస్ పోయినా ఎవరూ లేవరు.

కొలతలు సేకరించి రూల్స్‌తో పోల్చే ప్రొమీథియస్, దాని అలర్టులను సందేశాలుగా పంపే అలర్ట్‌మేనేజర్ జంటతో ఇక్కడ చేసి చూపిస్తున్నాను. నాగియోస్, జబ్బిక్స్, మోనిట్ అనే వేరే తనిఖీ పరికరాలు వాడేవారికి సరిపోయే మార్గాలు చివర్లో ఉన్నాయి. సెట్టింగుల పేర్లు తెలుగు లిపిలో రాశాను. ఫైల్లో వాటిని ఇంగ్లిషు చిన్న అక్షరాలతో, రెండు మాటల మధ్య అండర్‌స్కోర్ పెట్టి టైపు చేయాలి.

ముందుగా కావలసినవి

- నడుస్తున్న ప్రొమీథియస్ (మామూలుగా 9090 పోర్టు), అలర్ట్‌మేనేజర్ (9093 పోర్టు)
- ప్రతి సర్వర్‌లో దాని కొలతలు అందించే నోడ్ ఎక్స్‌పోర్టర్ (9100 పోర్టు), బయటి నుంచి సైటును తట్టి చూడటానికి బ్లాక్‌బాక్స్ ఎక్స్‌పోర్టర్ (9115 పోర్టు)
- ప్రొమ్‌టూల్, ఏఎమ్‌టూల్ అనే రెండు కమాండ్లు. ఇవి ఆ ప్యాకేజీలతోనే వస్తాయి
- సెట్టింగుల ఫైళ్లకు గిట్ లాంటి వెర్షన్ నియంత్రణ. మార్పు వికటిస్తే వెంటనే పాత స్థితికి వెళ్లడానికి ఇది తప్పనిసరి
- ధైర్యంగా ఆపి చూడగల ఒక టెస్టు సర్వర్

ఉదాహరణకు ఒక బస్సు టికెట్ల బుకింగ్ సైటును తీసుకుందాం. హైదరాబాద్ డేటా సెంటర్లో దానికి పది యంత్రాలు ఉన్నాయి: ఆరు వెబ్ సర్వర్లు, ఒక ప్రైమరీ డేటాబేస్, దాని రెప్లికా (నకలు), ఒక క్యూ (పనుల వరుస), ఒక క్యాష్ (తాత్కాలిక నిల్వ). ముంబైలో బ్యాకప్ యంత్రం ఒకటి ఉంది.

1. గ్రూపులను ముందు కాగితం మీద తేల్చండి

ప్రతి యంత్రం ఎదుట రెండు ప్రశ్నలకు జవాబు రాయండి. ఇది ఆగితే ఎవరికి ఏ పని ఆగుతుంది? లేచి సరిచేసేది ఎవరు? రెండు జవాబులూ ఒకటే అయిన యంత్రాలు ఒక గ్రూపు.

ఎక్కువ మంది దీనికి బదులు 'డేటాబేసులన్నీ ఒక గ్రూపు, వెబ్ సర్వర్లన్నీ ఒక గ్రూపు' అని యంత్రం రకాన్ని బట్టి విడదీస్తారు. చూడటానికి శుభ్రంగా ఉంటుంది, వైఫల్యం వచ్చినప్పుడు పనికిరాదు. టికెట్ల డేటాబేసూ జీతాల డేటాబేసూ ఒకే కారణంతో ఒకేసారి ఆగడం అరుదు. టికెట్ల డేటాబేస్ ఆగితే మాత్రం టికెట్ల వెబ్ సర్వర్లన్నీ ఆ నిమిషంలోనే లోపాలు చూపిస్తాయి. ఒకే వైఫల్యంలో భాగమయ్యేవే ఒకే సందేశంలోకి రావాలి.

మన ఉదాహరణలో హైదరాబాద్‌లోని పది యంత్రాలూ 'టికెట్లు' అనే ఒకే సర్వీసు. ముంబై బ్యాకప్ ఆగితే ప్రయాణికుడికి ఆ రాత్రి తేడా తెలియదు. దాన్ని వేరే గ్రూపులో పెట్టండి. లేకపోతే బ్యాకప్ ఆలస్యమైనందుకు కూడా నిద్రలేవాల్సి వస్తుంది.

2. తనిఖీలకు లేబుళ్లు కట్టండి

ప్రొమీథియస్‌లో గ్రూపు అనేది లేబులే, అంటే తనిఖీకి తగిలించే పేరు, విలువల జత. నాలుగు లేబుళ్లు చాలు: సర్వీస్, సైట్ (యంత్రం ఉన్న చోటు), టియర్ (సేవలో అది ఉన్న పొర), టీమ్. మొదటి వెబ్ సర్వర్‌కు సర్వీస్ 'టికెట్లు', సైట్ 'హైదరాబాద్', టియర్ 'వెబ్', టీమ్ 'బుకింగ్' అన్నమాట. యంత్రాలు కొన్నే ఉంటే స్టాటిక్ కాన్ఫిగ్స్ కింద లేబుళ్లు నేరుగా రాయండి. తరచూ మారుతుంటే ఫైల్ ఆధారిత డిస్కవరీ (యంత్రాల జాబితాను ఫైల్ నుంచి తానే చదువుకోవడం) వాడండి. క్లౌడ్ డిస్కవరీ అయితే యంత్రానికి ఉన్న ట్యాగును రీలేబుల్ చేసి లేబులుగా మార్చుకోవచ్చు.

హెచ్చరిక: స్పెల్లింగులో అక్షరం తేడా వచ్చినా వేరే గ్రూపే. ఒక చోట పెద్ద అక్షరంతో, మరో చోట చిన్న అక్షరంతో రాస్తే రెండు గ్రూపులు పుడతాయి, ఏ లోపమూ చూపించదు. విలువల జాబితాను గిట్‌లోనే ఒక ఫైల్లో పెట్టి, అందులో లేనిది వాడకూడదని బృందంలో నియమం పెట్టుకోండి.

సరిచూడటం ఇలా: ప్రొమీథియస్ పేజీలో 'అప్' మెట్రిక్‌ను (తనిఖీకి అందితే 1, అందకపోతే 0) సర్వీస్, సైట్ లేబుళ్ల వారీగా కౌంట్ చేయండి. టికెట్లు, హైదరాబాద్ వరుసలో 10 రావాలి. లేబుల్ ఖాళీగా ఉన్న వరుస కనిపిస్తే ఏదో యంత్రం గ్రూపు బయట ఉండిపోయింది. అలాంటి వరుస పోయే వరకు మూడో దశకు వెళ్లకండి.

3. రూల్స్ రెండు స్థాయుల్లో రాయండి

ఆరు వెబ్ సర్వర్లలో ఒకటి ఆగడం, నాలుగు ఆగడం ఒకే సంగతి కాదు. అందుకే విడి యంత్రానికి ఒక రూలు, మొత్తం గ్రూపుకు ఒక రూలు కావాలి.

విడి యంత్రం: 'అప్' విలువ 0 అయి 5 నిమిషాలు అలాగే ఉంటే (ఈ ఆగే సమయాన్ని రూలులో 'ఫర్' అంటారు) తీవ్రత 'వార్నింగ్'. పగలు చూసుకోవచ్చు.

గ్రూపు: వెబ్ టియర్‌లో 'అప్' సగటు 0.5 కంటే తక్కువై 2 నిమిషాలు ఉంటే తీవ్రత 'క్రిటికల్'. ఆరింటిలో నాలుగు ఆగితే ఇది మోగుతుంది, మూడు ఆగితే మోగదు. మీ సైటు మూడింటితో సాయంత్రం రద్దీని తట్టుకోలేదంటే గీతను పైకి జరపండి. ఈ అంకె పుస్తకాల్లో దొరకదు, మీ ట్రాఫిక్‌ను చూసి మీరే నిర్ణయించాలి.

ప్రైమరీ డేటాబేస్ ఒకటే కాబట్టి దానికి సగటు అవసరం లేదు. 0 అయి ఒక నిమిషం దాటితే క్రిటికల్.

ఈ దశలో జరిగే తప్పులు ఎక్కువ, కాస్త నిదానంగా చదవండి.

సగటు తీసేటప్పుడు 'బై' తర్వాత సర్వీస్ ఒక్కటే రాస్తే మిగతా లేబుళ్లన్నీ రాలిపోతాయి. అలర్టుకు టీమ్ లేబుల్ ఉండదు, కాబట్టి తర్వాతి దశలో అది ఏ బృందానికీ చేరకుండా డిఫాల్ట్ పెట్టెలో పడుతుంది. సర్వీస్, సైట్, టియర్, టీమ్ నాలుగూ రాయండి.

కొలిచిన విలువను, ఉదాహరణకు డిస్కు 91.3 శాతం నిండిందన్న అంకెను, అలర్టు లేబుల్‌లో పెట్టకండి. లేబుల్ మారితే ప్రొమీథియస్ దృష్టిలో అది కొత్త అలర్టు. అంకె కదిలిన ప్రతిసారీ 'ఫర్' గడియారం మొదటికి వస్తుంది, అలర్టు ఎప్పటికీ మోగకపోవచ్చు. అంకెలకు చోటు యానొటేషన్లలో, అంటే అలర్టుతో పాటు వెళ్లే వివరణలో.

బ్లాక్‌బాక్స్ తనిఖీలకు 'అప్' చూడకండి. సైటు పూర్తిగా పడిపోయినా ఎక్స్‌పోర్టర్ బాగుంటే 'అప్' 1 గానే ఉంటుంది. అక్కడ చూడవలసింది 'ప్రోబ్ సక్సెస్'. పేజీ తెరుచుకోవడం లేదని వినియోగదారులు చెబుతున్నా అలర్టు రాలేదంటే నేను ముందు వెతికేది ఇక్కడే.

ఇంకొకటి. యంత్రం డిస్కవరీ జాబితాలోంచే మాయమైతే దాని 'అప్' 0 కాదు, అసలు ఉండదు. అలర్టు కూడా బాగైనట్టు ఆరిపోతుంది. కీలకమైన టియర్లకు, విలువ అసలు లేనప్పుడు మోగే 'ఆబ్సెంట్' రూలు ఒకటి అదనంగా రాసి పెట్టండి.

రాశాక ప్రొమ్‌టూల్ 'చెక్ రూల్స్' నడపండి. అది రాత తప్పులను పడుతుంది, ఆలోచన తప్పులను పట్టదు. దానికి 'టెస్ట్ రూల్స్' ఉంది. ఫలానా నిమిషంలో నాలుగు సర్వర్లు 0 అయితే ఏ అలర్టు, ఏ లేబుళ్లతో రావాలో ఫైల్లో రాస్తే అది నడిపి చూపిస్తుంది. గ్రూపు రూల్స్‌కు ఈ పరీక్ష తప్పకుండా రాయండి.

4. సందేశాలను గ్రూపు చేయండి

ఇప్పుడు అలర్ట్‌మేనేజర్ ఫైలు. ఏ అలర్టు ఎవరికి వెళ్లాలో చెప్పే రూట్ భాగంలో 'గ్రూప్ బై' కింద సర్వీస్, సైట్ అని రెండే రాయండి. హైదరాబాద్ టికెట్లకు సంబంధించి ఎన్ని అలర్టులు మోగినా ఇక సందేశం ఒకటే.

ఇక్కడ యంత్రం పేరు ఉండే 'ఇన్‌స్టన్స్' లేబుల్‌ను చేర్చాలని చాలామందికి అనిపిస్తుంది, సందేశంలో యంత్రం పేరు రావాలి కదా అని. చేర్చారంటే యంత్రానికో గ్రూపు ఏర్పడి మళ్లీ నలభై సందేశాలకే వస్తారు. యంత్రం పేరు ఎలా రప్పించాలో ఏడో దశలో ఉంది. అలాగే 'గ్రూప్ బై' కింద మూడు చుక్కలు పెడితే గ్రూపింగ్ పూర్తిగా రద్దవుతుంది. ఏమీ రాయకపోతే దానికి విరుద్ధంగా ఆ రూటులోని అలర్టులన్నీ ఒకే మూటలో వస్తాయి.

మూల రూటు కింద రెండు ఉప రూట్లు పెట్టండి: క్రిటికల్ అయితే ఫోను మోగించే రిసీవర్‌కు, వార్నింగ్ అయితే ఈమెయిలుకు. అలర్ట్‌మేనేజర్ ఉప రూట్లను పైనుంచి కిందికి చూస్తుంది, మొదట సరిపోయిన దగ్గర ఆగుతుంది. రెండు చోట్లకూ వెళ్లాలంటే మొదటి దాంట్లో 'కంటిన్యూ' పెట్టాలి. రెజెక్స్ మ్యాచర్లు, అంటే లేబుల్ విలువను ఒక నమూనాతో పోల్చే షరతులు, మొత్తం విలువతో సరిపోలాలి. 'వెబ్' అని రాస్తే 'వెబ్1' కు తగలదు.

5. సమయాలు సరిచేయండి

మూడు సెట్టింగులు ఉన్నాయి.

'గ్రూప్ వెయిట్', డిఫాల్ట్ 30 సెకన్లు. కొత్త గ్రూపు మొదలయ్యాక తొలి సందేశానికి ముందు తోటి అలర్టుల కోసం ఆగే సమయం. దీన్ని 0 చేస్తే మొదటి యంత్రం పేరుతోనే సందేశం వెళ్లిపోతుంది.

'గ్రూప్ ఇంటర్వల్', డిఫాల్ట్ 5 నిమిషాలు. నడుస్తున్న గ్రూపులో కొత్త అలర్టు చేరినా, ఒకటి బాగైనా తర్వాతి సందేశానికి ముందు ఆగే సమయం.

'రిపీట్ ఇంటర్వల్', డిఫాల్ట్ 4 గంటలు. మార్పేమీ లేకపోయినా గుర్తు చేసే వ్యవధి. ఇది గ్రూప్ ఇంటర్వల్‌కు గుణిజంగా ఉండాలి, ఎందుకంటే మళ్లీ పంపాలా వద్దా అన్న ఆలోచన ఆ వ్యవధికి ఒకసారే జరుగుతుంది. వార్నింగుల రూటుకు 24 గంటలు పెట్టుకోవచ్చు.

ఎవరూ చూడని ప్రమాదం గ్రూప్ ఇంటర్వల్‌లో ఉంది. ఉదయం నుంచి క్యాష్ మీద ఒక చిన్న వార్నింగ్ మోగుతూ ఉందనుకోండి. మధ్యాహ్నం ప్రైమరీ డేటాబేస్ పోయింది. రెండూ ఒకే గ్రూపులో ఉంటే డేటాబేస్ వార్త కొత్త గ్రూపుగా 30 సెకన్లలో రాదు, పాత గ్రూపులో చేరిక కాబట్టి 5 నిమిషాల వరకు ఆగవచ్చు. క్రిటికల్‌కు వేరే రూటు పెట్టమన్నది ఇందుకే. రూటు వేరైతే గ్రూపు కూడా వేరవుతుంది. ఆ రూటుకు గ్రూప్ ఇంటర్వల్ ఒక నిమిషం చేయండి.

మొత్తం ఆలస్యాన్ని లెక్క కట్టి చూసుకోండి. స్క్రేప్ (ప్రొమీథియస్ కొలతలు తెచ్చుకునే వ్యవధి) 15 సెకన్లు, రూల్స్ లెక్కింపు 15 సెకన్లు, 'ఫర్' ఒక నిమిషం, గ్రూప్ వెయిట్ 30 సెకన్లు: డేటాబేస్ ఆగిన సుమారు 2 నిమిషాల్లో ఫోను మోగాలి. మొదటి రెండింటికి డిఫాల్ట్ ఒక్కో నిమిషం. మార్చకపోతే ఇదే మొత్తం మూడున్నర నిమిషాలు అవుతుంది.

6. మూలకారణం మోగితే మిగతావాటిని ఆపండి

గ్రూపింగ్ సందేశాలను ఒక చోట చేరుస్తుంది, కారణాన్ని చెప్పదు. స్విచ్ ఆగితే టికెట్లకు ఒక సందేశం, చెల్లింపులకు ఒకటి, జీతాలకు ఒకటి ఇంకా వస్తాయి. వీటిని ఆపడానికి 'ఇన్హిబిట్ రూల్స్' ఉన్నాయి.

స్విచ్‌ను బ్లాక్‌బాక్స్ ద్వారా పింగ్ చేసి, అందకపోతే 'సైట్ అందడం లేదు' అనే అలర్టు రాయండి. దానికి సైట్ లేబుల్ ఉండాలి. ఇన్హిబిట్ రూలులో సోర్స్ (ఆపేది) ఆ అలర్టు, టార్గెట్ (ఆగేవి) ఆ పేరు కాని మిగతా అలర్టులన్నీ, 'ఈక్వల్' కింద సైట్. హైదరాబాద్ స్విచ్ పోతే హైదరాబాద్ అలర్టులు మౌనంగా ఉంటాయి, ముంబైవి యథావిధిగా వస్తాయి. క్రిటికల్ మోగుతుంటే అదే సర్వీసు, అదే సైటులోని వార్నింగులను ఆపే రూలు కూడా ఇలాగే రాయవచ్చు.

మూడు జాగ్రత్తలు.

సోర్స్ అలర్టు ముందు మోగాలి. స్విచ్ రూలుకు 'ఫర్' 5 నిమిషాలు, సర్వర్ రూలుకు ఒక నిమిషం పెడితే సర్వర్ల సందేశాలన్నీ వెళ్లిపోయాక స్విచ్ అలర్టు వస్తుంది. సోర్స్‌కు ఎప్పుడూ తక్కువ 'ఫర్' ఉండాలి.

స్విచ్ కోలుకున్న క్షణంలో ఇంకో వరద రావచ్చు. సోర్స్ ఆరిపోయింది, సర్వర్లు కోలుకున్న సంగతి ప్రొమీథియస్ ఇంకా చూడలేదు, ఆ మధ్యలో ఆగి ఉన్న సందేశాలన్నీ బయటపడతాయి. ప్రొమీథియస్ 2.42 నుంచి 'కీప్ ఫైరింగ్ ఫర్' అనే సెట్టింగు ఉంది, పరిస్థితి బాగైనా అలర్టును మరికొంత సేపు మోగుతూ ఉంచుతుంది. స్విచ్ రూలుకు 3 నిమిషాలు పెట్టండి.

అన్నిటికన్నా చెడ్డది ఇది. 'ఈక్వల్' లో రాసిన లేబుల్ సోర్స్‌లోనూ టార్గెట్‌లోనూ లేకపోతే అలర్ట్‌మేనేజర్ రెండూ సమానమనే భావిస్తుంది. సైట్ లేబుల్ మరచిపోయిన స్విచ్ అలర్టు ఒకటి మోగితే, సైట్ లేబుల్ లేని అలర్టులన్నీ చడీచప్పుడు లేకుండా ఆగిపోతాయి. రెండో దశలో ఖాళీ వరుస ఉండకూడదని పట్టుబట్టింది దీనికోసమే.

ప్రొమీథియస్ కూడా అదే స్విచ్ వెనుక ఉంటే ఏ సందేశమూ బయటకు రాదు. దానికి విరుగుడు ఎప్పుడూ మోగుతూ ఉండే ఒక అలర్టు. దాన్ని బయట ఉన్న మరో సేవకు కొన్ని నిమిషాలకోసారి పంపుతూ ఉండాలి, రావడం ఆగితే ఆ సేవ మీకు ఫోను చేయాలి. ఈ అలర్టుకు ప్రత్యేక రూటు పెట్టి, ఇన్హిబిట్ టార్గెట్లలోంచి తప్పించండి.

7. సందేశంలో ఏముండాలో రాయండి

శీర్షికలో గ్రూపు లేబుళ్లు, అంటే సర్వీసు, సైటు, మోగుతున్న అలర్టుల సంఖ్య ఉండాలి. సందేశం లోపల ప్రతి అలర్టును వరుసగా తిప్పుతూ యంత్రం పేరు, సారాంశం ముద్రించండి. చాలామంది టెంప్లేట్లలో 'కామన్ లేబుల్స్' నుంచి యంత్రం పేరు తీసుకుంటారు. అందులో గ్రూపులోని అలర్టులన్నిటికీ ఒకేలా ఉన్న లేబుళ్లే ఉంటాయి. ఒక యంత్రంతో పరీక్షిస్తే పేరు వస్తుంది, రెండు ఆగిన రోజున ఖాళీగా వస్తుంది. అందుకే టెంప్లేటును కనీసం రెండు అలర్టులతో పరీక్షించాలి.

'బాగైంది' అన్న సందేశం రావడం లేదా? 'సెండ్ రిజాల్వ్‌డ్' చూడండి. ఈమెయిలుకు, స్లాక్‌కు అది డిఫాల్ట్‌గా ఆపి ఉంటుంది.

వార్నింగులను రాత్రిపూట ఆపదలిస్తే మ్యూట్ సమయాలు వాడండి, లొకేషన్‌ను ఆసియా/కోల్‌కతా అని తప్పక రాయండి. రాయకపోతే గడియారం యూటీసీ ప్రకారం నడుస్తుంది. మీరు రాత్రి 10 అనుకున్నది మన సమయంలో తెల్లవారుజాము 3:30 అవుతుంది. ఒక వ్యవధి అర్ధరాత్రిని దాటకూడదు కూడా. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు కావాలంటే 22:00 నుంచి 24:00, 00:00 నుంచి 06:00 అని రెండుగా రాయండి. క్రిటికల్ రూటుకు మ్యూట్ పెట్టకండి.

8. నిజంగా పనిచేస్తోందా, చూడండి

ముందు ఏఎమ్‌టూల్‌తో 'చెక్ కాన్ఫిగ్' నడపండి. తర్వాత 'కాన్ఫిగ్ రూట్స్ టెస్ట్' కు లేబుళ్లు ఇస్తే ఏ రిసీవర్‌కు వెళుతుందో చెబుతుంది. ప్రతి టీమ్‌కూ, రెండు తీవ్రతలకూ అడిగి చూడండి. ఈ పరీక్ష ఇన్హిబిట్ రూల్స్‌ను పట్టించుకోదు.

వాటి కోసం 'అలర్ట్ యాడ్' తో నకిలీ అలర్టులు పంపండి: ముందు స్విచ్‌ది, తర్వాత రెండు సర్వర్లవి. అలర్ట్‌మేనేజర్ పేజీలో సర్వర్ల అలర్టులు కనిపించకూడదు. 'ఇన్హిబిటెడ్' గడిని టిక్ చేస్తే కనిపించాలి. టిక్ చేసినా లేవంటే అవి అసలు చేరలేదు, రూలు పనిచేసిందని సంతోషించకండి. ముగింపు సమయం ఇవ్వని నకిలీ అలర్టులు డిఫాల్ట్‌గా 5 నిమిషాలకు వాటంతటవే ఆరిపోతాయి.

చివరగా టెస్టు సర్వర్‌పై ఎక్స్‌పోర్టర్‌ను నిజంగానే ఆపండి. పగటిపూట, బృందానికి ముందే చెప్పి చేయండి. వచ్చిన సందేశాలు లెక్కించండి: మోగినందుకు ఒకటి, బాగైనందుకు ఒకటి. అంతకంటే ఎక్కువ వస్తే నాలుగో దశకు, ఆలస్యంగా వస్తే ఐదో దశకు తిరిగి వెళ్లండి.

9. అదే గ్రూపుతో రిపోర్టు తీయండి

మన పది యంత్రాల్లో ప్రైమరీ డేటాబేస్ 30 రోజుల నెలలో 7.2 గంటలు ఆగిందనుకోండి. ప్రయాణికులకు ఆ 7.2 గంటలూ టికెట్లు దొరకలేదు, అంటే సేవ 99 శాతం. పది యంత్రాల సగటు తీస్తే మాత్రం 99.9 వస్తుంది. ఇంకో నెలలో ఒక వెబ్ సర్వర్ నెలంతా పడి ఉండి, మిగతా ఐదు పనిని మోశాయి. సగటు 90 శాతానికి పడిపోతుంది, ప్రయాణికులకేమో ఏ నష్టమూ లేదు. మొదట్లో చెప్పిన రెండో ప్రశ్నకు జవాబు ఇదే: యంత్రాల సగటు సేవ లభ్యత కాదు.

గ్రూపు బతికి ఉందా లేదా అన్నది ఒక రికార్డింగ్ రూలుగా (లెక్క ఫలితాన్ని దాచి ఉంచే రూలు) నిమిషానికోసారి 1 లేదా 0 గా నమోదు చేయండి. వెబ్ టియర్‌కు మూడో దశలోని గీత ఆధారంగా, డేటాబేస్‌కు ప్రైమరీ ఆధారంగా లెక్క కట్టి, టియర్లలో కనిష్ఠ విలువను తీసుకోండి. ఏ టియర్ పోయినా సర్వీసు పోయినట్టే. రెప్లికా, ముంబై బ్యాకప్ ఈ లెక్కలోకి రావు. క్యాష్ లేకపోయినా మీ సైటు నెమ్మదిగానైనా నడుస్తుందంటే దాన్నీ వదిలేయవచ్చు. నెలాఖరున ఈ విలువకు 30 రోజుల సగటు తీస్తే అదే లభ్యత. 99.9 శాతం మాట ఇచ్చి ఉంటే 30 రోజుల్లో మీకున్న వెసులుబాటు 43.2 నిమిషాలు.

రిపోర్టును నమ్మే ముందు రెండు విషయాలు చూడాలి. ప్రొమీథియస్ డిఫాల్ట్‌గా 15 రోజుల డేటానే ఉంచుతుంది. 30 రోజుల సగటు అడిగితే ఉన్న 15 రోజులకే లెక్క కట్టి ఇస్తుంది, హెచ్చరించదు. నిల్వ కాలాన్ని ముందుగానే పెంచుకోండి. పెంచిన రోజుకు మిగిలి ఉన్న డేటా నుంచే పోగవుతుంది, పోయినది తిరిగి రాదు. రెండో విషయం, ప్రొమీథియస్ ఆగి ఉన్న సమయానికి నమూనాలే ఉండవు, సగటు ఆ ఖాళీని లెక్కలోకి తీసుకోదు. నిమిషానికోసారి నమోదైతే 30 రోజులకు 43,200 నమూనాలు ఉండాలి. 'కౌంట్ ఓవర్ టైమ్' తో లెక్కించి, ఎన్ని తక్కువైతే అన్ని నిమిషాలు 'తెలియదు' అని రిపోర్టులో విడిగా రాయండి. వాటిని పనిచేసిన సమయంలో కలపడం చదివేవారిని మోసం చేయడమే.

ముందే చెప్పి ఆపిన మెయింటెనెన్స్ సమయానికి మీరు అలర్ట్‌మేనేజర్‌లో పెట్టే సైలెన్స్ (తాత్కాలిక మౌనం) సందేశాన్ని మాత్రమే ఆపుతుంది, రికార్డును మార్చదు. ఆ నిమిషాలను మినహాయించాలా వద్దా అన్నది కస్టమర్లతో ముందే మాట్లాడుకోండి. మినహాయిస్తే రెండు అంకెలూ పక్కపక్కనే ఇవ్వండి.

వేరే పరికరాలు వాడుతుంటే

నాగియోస్‌లో హోస్ట్ గ్రూపులు, సర్వీస్ గ్రూపులు ఉన్నాయి. లభ్యత రిపోర్టును సర్వీస్ గ్రూపు వారీగా తీయవచ్చు. గ్రూపు పెట్టినంత మాత్రాన సందేశాలు తగ్గవు. దానికి హోస్టులకు 'పేరెంట్స్' రాయాలి, అప్పుడు స్విచ్ వెనుక ఉన్న హోస్టులు 'డౌన్' కాకుండా 'అన్‌రీచబుల్' గా నమోదవుతాయి. కాంటాక్టుల నోటిఫికేషన్ ఐచ్ఛికాల్లో అన్‌రీచబుల్ తీసేస్తే ఆ సందేశాలు ఆగుతాయి. ఆరింటిలో నాలుగు ఆగితేనే మోగాలన్న పనికి 'చెక్ క్లస్టర్' ప్లగిన్ ఉంది.

జబ్బిక్స్‌లో హోస్ట్ గ్రూపులు ఎక్కువగా అనుమతులకూ వడపోతకూ పనికొస్తాయి. సందేశాలను ఆపేది ట్రిగ్గర్ డిపెండెన్సీలు. రిపోర్టుకు సర్వీసెస్ భాగం, దాని ఎస్‌ఎల్‌ఏ (లభ్యత హామీ లెక్క) వాడండి.

మోనిట్‌లో 'గ్రూప్' అని రాస్తే ఆ గ్రూపు ప్రాసెసులన్నిటినీ ఒకే కమాండుతో ఆపి నడపవచ్చు, 'డిపెండ్స్ ఆన్' తో వరుస చెప్పవచ్చు. అది ఒక యంత్రం పరిధిలోని పని. పది యంత్రాల అలర్టులను ఒక సందేశంగా కలపాలంటే మోనిట్ ఒక్కటే సరిపోదు, పైన ఇంకో కేంద్ర వ్యవస్థ కావాలి.